ఎంటర్ నొక్కడానికి జంకనవసరం లేని వెర్షన్ కంట్రోల్ కమాండ్లను రూపొందించడం ఎలా

నెల్లూరు, కావలి, ఒంగోలు వంటి పట్టణాలలో ఇంజనీరింగ్ చదివి, అక్కడే చిన్న బృందాలుగా పనిచేస్తూ స్థానిక అవసరాల కోసం సాధనాలు రాసేవారు, ఫైళ్ల పాత ప్రతులను భద్రపరిచే పనిని (దీనినే వెర్షన్ కంట్రోల్ అంటారు) గిట్ అనే సాధనానికి అప్పగించి దానిపైన తమ సొంత కమాండ్లు కొన్నింటిని అమర్చుకోవడం సహజం. ఈ వ్యాసం అటువంటి వారి కోసం. ఉదాహరణగా ఒకే సందర్భాన్ని చివరి దాకా తీసుకుందాం. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల నుంచి వచ్చే నీటిని పరీక్షించే ఒక ఆక్వా ల్యాబ్‌లో ఒక్కొక్క గుంటకు ఒక్కొక్క టెక్స్ట్ ఫైలు ఉందనుకోండి. ఉప్పదనం, పీహెచ్, అమ్మోనియా రీడింగులను టెక్నీషియన్లు అందులో చేరుస్తారు. పంట దెబ్బతిన్నప్పుడు ఏ తేదీన ఏ రీడింగు వచ్చిందో, దానిని తరువాత ఎవరైనా దిద్దారో రైతుకు కచ్చితంగా చూపించవలసి వస్తుంది కనుక పాత ప్రతి ఒక్కటి కూడా పోవడానికి వీలు లేదు.

ఇతర కమాండ్‌లైన్ సాధనాలకూ వెర్షన్ కంట్రోల్ సాధనానికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇక్కడే ఉంది. దీని చేతిలో ఉండేది వాడేవారి శ్రమ. కమాండ్ టైపు చేశాక ఎంటర్ నొక్కడానికి వేలు ఆగిపోతున్నదంటే, ఆ భయానికి కారణం వాడేవారి అజ్ఞానం కాదు, కమాండ్ ఏమి చేయబోతున్నదో, చేశాక వెనక్కి రావచ్చునో లేదో చెప్పకపోవడం. అందువల్ల ప్రతి కమాండ్ మూడు ప్రశ్నలకు సమాధానం ఇవ్వాలి: ఏమి మారింది, ఏది మారకుండా ఉంది, వెనక్కి వెళ్లే దారి ఏది. ఈ వ్యాసంలోని సూచనలన్నీ ఈ మూడు ప్రశ్నల నుంచి పుట్టినవే.

కమాండ్ల కంటే ముందు పనుల జాబితా రాసుకోండి

కింద ఉన్న డేటా నిర్మాణాన్ని చూసి కమాండ్లకు పేర్లు పెట్టడం రచయితలకు సులభమైన మార్గం, వాడేవారికి కష్టమైన మార్గం. గిట్‌లోని ‘చెకౌట్’ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఒక బ్రాంచ్ (విడిగా సాగే మార్పుల వరుస) నుంచి ఇంకొక బ్రాంచ్‌కు మారడానికి, కొత్త బ్రాంచ్ మొదలుపెట్టడానికి, పాత కమిట్ (గిట్‌లో నమోదు చేసిన ఒక ప్రతి) దగ్గరకు వెళ్లి చూడడానికి, ఫైలులో చేసిన మార్పులను పారేసి పాత ప్రతిని తెచ్చుకోవడానికి ఆ ఒక్క కమాండే పనిచేస్తుంది. లోపలి దృష్టితో చూస్తే ఈ పనులన్నీ ‘నిల్వలో ఉన్నదానిని పని ఫోల్డరులోకి తేవడం’ కిందికి వస్తాయి. వాడేవారి దృష్టితో చూస్తే మాత్రం బ్రాంచ్ మారడం నిరపాయమైన పని, ఫైలును పాత స్థితికి తెచ్చుకోవడం కమిట్ చేయని శ్రమను తుడిచివేసే పని. ఈ రెంటినీ ఒకే పేరు కింద ఉంచితే, మొదటిదానికి అలవాటు పడిన చేయి రెండవదానిని కూడా అంతే నిశ్చింతగా టైపు చేస్తుంది. 2019 ఆగస్టులో వచ్చిన గిట్ 2.23 వెర్షన్‌లో ‘స్విచ్’, ‘రిస్టోర్’ అనే రెండు వేరువేరు కమాండ్లను చేర్చడానికి కారణం ఇదే.

కాబట్టి ల్యాబ్‌లోని టెక్నీషియన్ రోజులో ఏమి చేస్తారో వారి మాటలలోనే ముందు రాసుకోండి: ఈ రోజు రీడింగులను దాచాలి, నిన్నటికి ఇవాళ్టికి ఏమి మారిందో చూడాలి, తప్పుగా చేర్చిన అంకెను వెనక్కి తీసుకోవాలి, నెల్లూరు కార్యాలయంలోని సర్వర్‌కు పంపాలి. ఈ నాలుగింటికి నాలుగు కమాండ్లు చాలు. హాని చేయగల పనికి, హాని చేయలేని పనికి ఒకే కమాండ్ ఎన్నడూ ఉండకూడదు. ఒక ఆప్షన్ తేడాతో మొదటిది రెండవదిగా మారిపోకూడదు.

ఆప్షన్ల విషయంలో పాటించవలసిన నియమం చిన్నదే అయినా దానిని తప్పితే జరిగే నష్టం ఎక్కువ. ఒకే పొట్టి అక్షరం సాధనమంతటా ఒకే అర్థం ఇవ్వాలి. గిట్‌లో ‘క్లీన్’ (గిట్‌కు పరిచయం కాని ఫైళ్లను తుడిచేది), ‘యాడ్’ (కమిట్‌కు ఫైళ్లను సిద్ధం చేసేది), ‘పుష్’ (సర్వర్‌కు పంపేది) కమాండ్లకు ‘-ఎన్’ ఇస్తే అవి పని చేయకుండా ఏమి చేయబోతాయో చూపించి ఊరుకుంటాయి. అదే ‘-ఎన్’ను ‘కమిట్’‌కు ఇస్తే ముందస్తు తనిఖీ హుక్‌లను (కమిట్‌కు ముందు వాటంతట అవే నడిచే స్క్రిప్ట్‌లను) దాటవేసి కమిట్ చేసేస్తుంది. ‘చెర్రీపిక్’‌కు ఇస్తే కమిట్ చేయకుండా, వేరొక కమిట్‌లోని మార్పులను మాత్రం తెస్తుంది. ‘లాగ్’‌కు ఇస్తే ఎన్ని కమిట్లు చూపాలో చెప్పే సంఖ్యను అడుగుతుంది. పరీక్షగా చూద్దామనుకుని ‘-ఎన్’ ఇచ్చిన వ్యక్తికి నిజంగా కమిట్ జరిగిపోతే ఆ సాధనం మీద నమ్మకం ఒక్కసారిగా సడలుతుంది. మీ సాధనంలో ప్రతి ఆప్షన్‌కు పూర్తి పేరు తప్పనిసరిగా ఉంచి, పొట్టి అక్షరాలను రోజూ వాడే కొద్దిపాటి ఆప్షన్లకే కేటాయించండి. ముందస్తుగా చూపించే ఆప్షన్‌ను మార్పు చేసే ప్రతి కమాండ్‌కూ అదే పేరుతో ఇవ్వండి.

అడిగి చేయడం కంటే వెనక్కి రానివ్వడం మేలు

తమ కమాండ్లను మూడు వర్గాలుగా విడగొట్టుకోవాలని ప్రతి బృందానికీ గట్టిగా చెబుతాను. మొదటి వర్గం చూపించే కమాండ్లు. ఇవి ఏ పరిస్థితిలోనూ దేనినీ మార్చకూడదు. రెండవది మార్చినా వెనక్కి తేగలిగినవి. మూడవది వెనక్కి తేలేనివి. మంచి రూపకల్పనలో కృషి అంతా మూడవ వర్గంలోని కమాండ్లను ఒక్కొక్కటిగా రెండవ వర్గంలోకి తీసుకురావడం మీద ఉంటుంది.

మూడవ వర్గం ఎదురైనప్పుడు చాలామంది ‘ఖాయమేనా? అవును/కాదు’ అని అడగడంతో సరిపెడతారు. ఈ ప్రశ్న రెండు విధాల విఫలమవుతుంది. ఒకటి, రోజుకు పదిసార్లు అదే ప్రశ్న వస్తే చదవకుండానే ‘అవును’ నొక్కే అలవాటు పడుతుంది. రెండు, అదే కమాండ్ రాత్రివేళ స్క్రిప్ట్‌లో నడిచినప్పుడు జవాబు చెప్పేవారు లేక అక్కడే నిలిచిపోతుంది. అందువల్ల ప్రశ్న అడిగే ముందు అవతల టెర్మినల్ ఉందో లేదో పరీక్షించండి. లేకపోతే ప్రశ్న అడగకుండా, పని చేయకుండా, ఏ ఆప్షన్ ఇస్తే పని జరుగుతుందో చెప్పి ఎర్రర్‌తో ఆపివేయండి. అడగక తప్పని చోట కూడా ‘ఖాయమేనా’ అనకండి. ‘ఇంతవరకు ఎక్కడా దాచని 12 ఫైళ్లు చెరిగిపోతాయి’ అని సంఖ్యతో సహా చెప్పి అడగండి.

గిట్‌లో ఈ విషయమై అనుసరించదగిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ‘క్లీన్’ కమాండ్‌ను ఉత్తగా ఇస్తే అది ఏ ఫైలునూ తుడవదు, ఫోర్స్ ఆప్షన్ కోరుతుంది. చిన్న ‘-డి’తో బ్రాంచ్‌ను తొలగించమంటే, అందులోని కమిట్లు దానికి జత చేసిన సర్వర్ బ్రాంచ్‌లో (అప్‌స్ట్రీమ్‌లో), అది లేకపోతే ప్రస్తుత బ్రాంచ్‌లో, ఇంకా మెర్జ్ కానట్లయితే (కలవనట్లయితే) నిరాకరిస్తుంది, తొలగించినప్పుడు కూడా ఆ బ్రాంచ్ ఏ కమిట్ దగ్గర ఉండేదో దాని సంకేతాన్ని అదే వరుసలో ముద్రిస్తుంది. ఆ ఒక్క సంకేతం తెర మీద ఉంటే చాలు, పొరపాటున తొలగించిన బ్రాంచ్‌ను వెంటనే మళ్లీ నిలబెట్టవచ్చు. 2013లో 1.8.5 వెర్షన్‌తో వచ్చిన ‘ఫోర్స్ విత్ లీజ్’ ఆప్షన్ ఇంకొక మంచి ఉదాహరణ. సర్వర్ మీది బ్రాంచ్ మనం చివరిసారి చూసిన చోటే ఉంటేనే అది మన చరిత్రను బలవంతంగా పెడుతుంది. ఈ లోపల ఇంకొకరు ఏదైనా చేర్చి ఉంటే ఆగిపోతుంది. అయితే వెనుక ఏదైనా ప్రోగ్రాం దానంతట అదే ‘ఫెచ్’ చేస్తూ (సర్వర్‌లోని కొత్త కమిట్లను తెచ్చుకుంటూ) ఉంటే, చూడకుండానే చూసినట్లు లెక్కవుతుంది కనుక ఆ రక్షణ బలహీనపడుతుంది. మీ సాధనం వెనుకటి నుంచి ఫెచ్ చేసే పక్షంలో ఈ సంగతి గుర్తుంచుకోండి.

కమిట్ అయినవాటికి రెఫ్‌లాగ్ (బ్రాంచ్ ఏ కమిట్ నుంచి ఏ కమిట్‌కు మారిందో రాసి ఉంచే చిట్టా) అండగా ఉంటుంది. సాధారణ అమరికలో గిట్ దాని పద్దులను 90 రోజులు, ఆ బ్రాంచ్ ప్రస్తుత స్థితి నుంచి అందుబాటులో లేని కమిట్ల పద్దులను 30 రోజులు ఉంచుతుంది. కమిట్ కాని మార్పులకు మాత్రం అటువంటి అండ లేదు. ‘రీసెట్ హార్డ్’ వాటిని తుడిచివేస్తే గిట్ దగ్గర వాటి ఆనవాలు ఉండకపోవచ్చు. జుజుట్సు అనే కొత్త సాధనం ఈ లోటును చక్కగా పూరించింది. అది దాదాపు ప్రతి కమాండ్ మొదట్లోనే పని ఫోల్డరు స్థితిని కమిట్‌గా నమోదు చేసుకుంటుంది, చేసిన ప్రతి చర్యను ఒక చిట్టాలో రాసుకుంటుంది, ‘అన్‌డూ’ అంటే చివరి చర్యను వెనక్కి తీసుకుంటుంది.

గిట్ పైన మీరు రాసే సాధనంలో కూడా ఇది సాధ్యమే. తుడిచే పని ఏదైనా మొదలుపెట్టేముందు ఒక తాత్కాలిక ఇండెక్స్ ఫైలును (తరువాతి కమిట్‌లో చేరవలసినవాటి జాబితాను) ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా గిట్‌కు చూపించి, అందులోకి అన్ని ఫైళ్లనూ చేర్చి, ‘రైట్ ట్రీ’, ‘కమిట్ ట్రీ’ కమాండ్లతో ఒక కమిట్ తయారు చేసి, దానికి మీ సాధనం పేరుతో ఉన్న ఒక ప్రత్యేక రెఫ్‌ను (కమిట్‌ను చూపే పేరును) కట్టండి. ‘స్టాష్ క్రియేట్’ కూడా పని ఫోల్డరును తాకకుండా ఇటువంటి కమిట్‌ను ఇస్తుంది కాని అందులో గిట్‌కు ఇంకా పరిచయం కాని కొత్త ఫైళ్లు చేరవు. ల్యాబ్‌లో పొద్దున నమోదు చేసిన గుంట ఫైలు సరిగ్గా అటువంటిదే కనుక మొదటి పద్ధతినే ఎంచుకోండి. రెఫ్ కట్టడం మరువకూడదు. ఏ రెఫ్ నుంచీ అందని కమిట్లను గిట్ సాధారణంగా రెండు వారాలు దాటాక చెత్తగా భావించి తొలగించవచ్చు. విస్మరించమని చెప్పిన ఫైళ్లు ఈ పద్ధతిలో కూడా చేరవు కనుక వాటిని తుడిచే పని ఉంటే అది మూడవ వర్గంలోనే ఉందని స్పష్టంగా ప్రకటించండి.

తెర మీద రాసే మాట

ఎర్రర్ సందేశం రాయడం ప్రోగ్రాం రాయడంతో సమానమైన శ్రద్ధ కోరే పని. సర్వర్‌కు పంపడం విఫలమైనప్పుడు ‘నాన్ ఫాస్ట్ ఫార్వర్డ్’ అని చెప్పడం లోపలి స్థితిని తెలిసినవారికి మాత్రమే ఉపయోగిస్తుంది. అదే విషయాన్ని ఇలా రాయవచ్చు:

‘పంపలేదు. మీరు చివరిసారి తెచ్చుకున్న తరువాత సర్వర్‌లో వేరే కమిట్లు చేరాయి. మీ కమిట్లు మీ కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నాయి. ముందు ‘పుల్’ చేసి వాటిని కలుపుకొని, తరువాత మళ్లీ ‘పుష్’ చేయండి.’

మొదటి వాక్యం ఫలితాన్ని, రెండవది కారణాన్ని, మూడవది నష్టం లేదన్న సంగతిని, నాలుగవది తరువాతి అడుగును చెబుతున్నాయి. మూడవ వాక్యాన్ని చాలా సాధనాలు వదిలివేస్తాయి. ఎర్రర్ చూసిన వ్యక్తికి కలిగే మొదటి అనుమానం ‘నా పని పోయిందా’ అన్నదే కనుక అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం అదే. ఈ సందేశంలో ఎన్ని కమిట్లు చేరాయో చెప్పలేదన్నది కూడా గమనించండి. ముందుగా ఫెచ్ చేస్తే తప్ప ఆ సంఖ్య సాధనానికి తెలియదు. తెలియనిదానిని ఊహించి చెప్పే సందేశం కంటే చెప్పని సందేశం నయం.

తరువాతి అడుగు చెప్పేటప్పుడు, కాపీ చేసి అతికించుకోవడానికి వీలుగా పూర్తి కమాండ్‌ను ఇవ్వండి. అప్‌స్ట్రీమ్ బ్రాంచ్ అమర్చకుండా పుష్ చేసినప్పుడు గిట్ ఆ బ్రాంచ్ పేరుతో సహా మొత్తం కమాండ్‌ను రాసి చూపుతుంది. దానిని ఆదర్శంగా తీసుకోవచ్చు. కమాండ్ పేరులో అక్షరం తప్పితే దగ్గరి పేర్లను సూచించండి, కాని మీ అంతట మీరు దిద్ది నడిపించకండి. గిట్‌లో అలా దిద్ది నడిపే అమరిక ఉన్నా, కోరుకున్నవారికే అది పనిచేస్తుంది. అందులో ఆగవలసిన కాలాన్ని సెకనులో పదవ వంతు లెక్కన ఇవ్వాలి కనుక, ఒక సెకను ఆగుతుందనుకుని 1 అని రాసినవారికి దిద్దుబాటును ఆపుకొనే వ్యవధి దొరకదు. కాలాన్ని అడిగే ఏ అమరికలోనైనా ప్రమాణాన్ని సెట్టింగు పేరులోనే చేర్చండి.

పని సవ్యంగా జరిగినప్పుడు ఏమీ చెప్పకపోవడం యూనిక్స్ సంప్రదాయం. ఫైళ్లను కాపీ చేసే కమాండ్‌కు అది తగును. చరిత్రను మార్చే కమాండ్ విషయంలో మాత్రం మనిషి చూస్తున్నప్పుడు ఒక్క వరుసైనా చెప్పాలని నా అభిప్రాయం: ‘3 ఫైళ్లు దాచబడ్డాయి’ అనే కర్మణి వాక్యం కాకుండా, ‘3 గుంటల రీడింగులను దాచాను, వెనక్కి తీసుకోవాలంటే అన్‌డూ ఇవ్వండి’ అన్నట్లు, నేరుగా.

మైపాడు అనే ఫైలు

తెలుగు పేర్లున్న ఫైళ్లతో పనిచేసే సాధనానికి అదనంగా కొన్ని బాధ్యతలు ఉన్నాయి. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించే బృందాలకు ఇవి ఎన్నడూ కనిపించవు కనుక కొంత వివరంగా చెబుతాను.

గిట్ సాధారణ అమరికలో ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాల సంకేతాల పట్టిక) కాని అక్షరాలను తెర మీద నేరుగా చూపదు. ఒక్కొక్క బైటును అష్టాంశ సంఖ్యగా మార్చి చూపుతుంది. యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో ప్రతి తెలుగు యూనికోడ్ సంకేతానికీ (అక్షరానికో గుణింతపు గుర్తుకో ఉన్న సంఖ్యకు) మూడు బైట్లు పడతాయి. ‘క’ అనే ఒక్క అక్షరం \340\260\225 అని కనిపిస్తుంది. ‘కావలి’ అనే పేరులో అయిదు సంకేతాలు ఉన్నాయి కనుక స్టేటస్‌లో అది 60 గుర్తుల వరుసగా మారిపోతుంది. ఆ వరుసను చూసిన టెక్నీషియన్ తన ఫైలు పాడైపోయిందనే అనుకుంటారు. గిట్ సెట్టింగులలో ‘కోర్ కోట్‌పాత్’ను ఫాల్స్‌గా ఉంచితే పేర్లు తెలుగులోనే కనిపిస్తాయి. మీ సాధనం రిపాజిటరీని (ప్రతులన్నీ ఉండే నిల్వను) సృష్టించేటప్పుడే ఈ అమరికను పెట్టాలి. వాడేవారు వెతికి పెట్టుకోవాలని ఆశించడం న్యాయం కాదు. ఫైళ్ల జాబితాను మీ ప్రోగ్రాం చదువుకొనే చోట మాత్రం ‘-జెడ్’ ఆప్షన్‌తో తీసుకోండి. అప్పుడు పేర్లు ఉన్నవి ఉన్నట్లుగా, మధ్యలో సున్నా బైటుతో వస్తాయి.

ఇంతకంటే సూక్ష్మమైన చిక్కు మైపాడు వంటి పేర్లలో ఉంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం గుర్తు, దాని కింద చేరే ఐత్వపు గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకటే. మొదటి పద్ధతిలో ‘మైపాడు’కు 18 బైట్లు, రెండవ పద్ధతిలో 21 బైట్లు పడతాయి కనుక బైట్లను పోల్చే సాధనానికి అవి రెండు వేరువేరు ఫైళ్లు. మ్యాక్ కంప్యూటర్లలోని పాత ఫైల్ వ్యవస్థ పేర్లను విడదీసిన రూపంలోకి మార్చి నిల్వ చేసేది. ఆ యంత్రాల కోసం గిట్‌లో ప్రత్యేకంగా ఒక సెట్టింగు ఉంది. కాని పేరు ఎక్కడి నుంచి ఏ రూపంలో వస్తుందో ముందుగా చెప్పలేము. కొత్త ఫైలును చేర్చేటప్పుడు దాని పేరును ఎన్‌ఎఫ్‌సీ అనే ఏకీకృత రూపంలోకి మార్చి, అదే రూపానికి తేలే వేరొక ఫైలు ఇప్పటికే ఉంటే ఆపి, రెంటినీ చూపించి, ఏది కావాలో అడగండి. పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని నాన్‌జాయినర్ గుర్తు మరొక సమస్య. ఎన్‌ఎఫ్‌సీ దానిని తొలగించదు కనుక, పేర్లను పోల్చేటప్పుడు మాత్రం దానిని లెక్కలోకి తీసుకోకుండా చూడండి. అసలు పేరులో నుంచి దానిని తీసివేయకండి, కొన్ని పదాలు సరిగా కనిపించడానికి అది అవసరం.

వరుసలను నిలువుగా సర్దే విషయంలో కూడా జాగ్రత్త కావాలి. ‘క్షే’ అనే ఒక్క అక్షరంలో నాలుగు సంకేతాలు, 12 బైట్లు ఉన్నాయి. తెర మీద అది ఆక్రమించే వెడల్పు టెర్మినల్‌ను బట్టి, ఫాంటును బట్టి మారుతుంది. బైట్ల లెక్కతోగాని సంకేతాల లెక్కతోగాని ఖాళీలు పెడితే పట్టిక వంకరపోతుంది. అంకెలను, తేదీలను, కమిట్ సంకేతాలను ఎడమవైపున ఉంచి తెలుగు పేరును వరుస చివర పెట్టడం అన్నిటికంటే సులభమైన పరిష్కారం. పొడవు ఎక్కువైన పేరును కత్తిరించవలసి వస్తే సంకేతం మధ్యలో కాక అక్షరం పూర్తయిన చోట కత్తిరించండి.

స్క్రిప్ట్‌లు చదివే ఫలితం

మనుషుల కోసం రాసిన తెలుగు సందేశాలను ఇంకొక ప్రోగ్రాం చదివి అర్థం చేసుకోవలసిన అవసరం రాకూడదు. గిట్ స్టేటస్‌కు ఉన్న ‘పోర్సిలిన్’ రూపం (స్క్రిప్ట్‌ల కోసం ఉద్దేశించినది) వెర్షన్లు మారినా, భాష మారినా, వాడేవారి సెట్టింగులు మారినా మారదు. మెర్క్యురియల్ అనే మరొక వెర్షన్ కంట్రోల్ సాధనంలో ‘హెచ్‌జీ ప్లెయిన్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను పెడితే, ఫలితాన్ని మార్చే సొంత సెట్టింగులు, అనువాదాలు పక్కకు తప్పుకుంటాయి. ఈ రెండు ఆలోచనలలో ఒకటైనా మీ సాధనంలో మొదటి విడుదల నుంచే ఉండాలి, లేకపోతే తరువాత ఒక సందేశంలో అక్షరదోషం దిద్దినా ఎవరో ఒకరి స్క్రిప్ట్ ఆగిపోతుంది.

ఫలితం స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి, సలహాలు, హెచ్చరికలు, పని పురోగతి స్టాండర్డ్ ఎర్రర్‌లోకి వెళ్లాలి. పని సఫలమైతే ఎగ్జిట్ కోడ్ (ముగింపులో ప్రోగ్రాం తిరిగి ఇచ్చే సంఖ్య) సున్నా. ‘తేడా ఉంది’ అనే ఫలితానికీ ‘పని విఫలమైంది’ అనే ఫలితానికీ వేరువేరు కోడ్లు ఇవ్వండి. రంగులు టెర్మినల్ ఉన్నప్పుడే వాడండి, ‘నో కలర్’ వేరియబుల్ పెట్టినవారికి మానేయండి. రంగు మీదనే అర్థం ఆధారపడకూడదు.

మధ్యలో ఆగినప్పుడు

గుంటల దగ్గరి షెడ్డులో కరెంటు పోవడం, ఫోను ద్వారా వచ్చే ఇంటర్నెట్ తెగిపోవడం అరుదైన సంఘటనలు కావు. ఏ ఫైలునూ ఉన్నచోటనే తిరగరాయకండి. కొత్త ప్రతిని పక్కన పూర్తిగా రాసి, డిస్కుకు చేరిందని నిర్ధారించుకొని, ఆ తరువాత పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టండి. గిట్ తన ఇండెక్స్‌ను లాక్ ఫైలు (అదే సమయంలో వేరొక ప్రాసెస్ మార్చకుండా ఆపే ఫైలు) ద్వారా ఈ పద్ధతిలోనే మారుస్తుంది. కరెంటు పోయినప్పుడు ఆ లాక్ ఫైలు మిగిలిపోతే తరువాతి కమాండ్లన్నీ నిరాకరిస్తాయి. లాక్ పెట్టిన ప్రాసెస్ సంఖ్యను మీ సొంత లాక్‌లో రాసి ఉంచితే, ఆ ప్రాసెస్ ఇంకా నడుస్తున్నదో లేదో చూసి, ‘ఇంతకు ముందు ఆగిపోయిన పని మిగిల్చిన లాక్ ఇది, తొలగించడానికి ఫలానా కమాండ్ ఇవ్వండి’ అని చెప్పగలుగుతారు. కంట్రోల్-సీ నొక్కితే వెంటనే ఆగి, ఎంతవరకు పూర్తయిందో ఒక్క వాక్యంలో చెప్పి, 130 ఎగ్జిట్ కోడ్‌తో బయటికి రండి. మెర్జ్ వంటి పలు అడుగుల పని సగంలో ఆగితే, కొనసాగించడానికి ఒకటి, మొదటికి వెళ్లడానికి ఒకటి, రెండు కమాండ్లనూ స్టేటస్ ప్రతిసారీ చూపించాలి.

వాడేవారి ముందు పెట్టడం

విడుదలకు ముందు, సాధనాన్ని ఎన్నడూ చూడని టెక్నీషియన్ ఒకరిని కూర్చోబెట్టి, మీరు పక్కన మౌనంగా ఉండి, పొరపాటున చెరిపిన రీడింగును తిరిగి తెమ్మని అడగండి. వారు ఎక్కడ ఆగారో, ఏ సందేశాన్ని రెండుసార్లు చదివారో, సహాయం కోసం ఏ మాట టైపు చేశారో రాసుకోండి. వారు మొదట ప్రయత్నించిన కమాండ్ పేరు మీ సాధనంలో లేకపోతే, ఆ పేరును కూడా చేర్చగలరేమో చూడండి.

విడుదల అయ్యాక ఏదైనా ప్రవర్తనను మార్చవలసి వస్తే తొందరపడవద్దు. ఏ బ్రాంచ్ అని చెప్పకుండా పుష్ చేసినప్పుడు, పేరు కలిసిన బ్రాంచ్‌లన్నింటినీ పంపే పాత పద్ధతిని వదిలి, ప్రస్తుత బ్రాంచ్‌ను మాత్రమే పంపే పద్ధతిని గిట్ 2014లో వచ్చిన 2.0 వెర్షన్‌తో సాధారణ అమరికగా చేసింది. అంతకు ముందు విడుదలలలోనే, సెట్టింగు ఎంచుకోనివారికి ఈ మార్పు రాబోతున్నదని హెచ్చరిక చూపింది. ఆ హెచ్చరికలో కొత్త పద్ధతిని ఇప్పుడే తీసుకోవడానికి ఒక కమాండ్‌ను, పాత పద్ధతిలోనే కొనసాగడానికి ఇంకొక కమాండ్‌ను ఇచ్చింది. మీ హెచ్చరికలో కూడా ఆ రెండు కమాండ్లూ ఉండాలి. ఏదో ఒకటి ఎంచుకున్నవారికి ఆ హెచ్చరిక మళ్లీ కనిపించకూడదు.